ఇంజన్ అన్నది, పట్టాలు తమ్ముడివి

ఆ నల్లపెట్టె పదకొండేళ్లు నా బీరువాలోనే ఉంది. కింది అరలో, పెళ్లినాటి పట్టుచీర మడతల్లో. ఇటుకంత పెట్టె, దానికో ఎర్ర మర. మర తిప్పితే రైలు కదులుతుంది. ఆ పెట్టె నువ్వు తీశావంటే నువ్వు తీశావని మా అన్న మురళీధర్, మా తమ్ముడు జితేందర్ పదకొండేళ్లు మాటలు మానేశారు. అన్నది సూర్యాపేట, తమ్ముడిది మిర్యాలగూడ. మూడో మూల కోదాడలో నేను, ఇద్దరి గోడూ విని, ఇద్దరికీ ఔనని తలూపి, ఇంటికొచ్చి బీరువాకు తాళం పడిందో లేదో చూసుకునేదాన్ని. తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో నన్నడగండి.

కిందటి కార్తీకమాసం వెళ్లిన వారానికి జితేందర్ ఫోన్ చేశాడు.

"అక్కా, పాత మిల్లు కూలగొడ్తున్నం. గోదాముల నాన్న రైలు పట్టాల పెట్టె ఎల్లింది. పాతినుప సామానోడు వచ్చి కూసున్నడు. ఇచ్చెయ్యనా?"

"ఇచ్చినవంటే మళ్ల నీ గడప తొక్క."

"ఏం జేస్కుంటవ్ అక్కా? ఇంజన్ ఉన్నదా, మర ఉన్నదా?"

"నేనొస్తున్న. ఆయన్ని పొమ్మను."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు మంచం మీదే కూర్చున్నాను. ఆ పట్టాలు కరిగిపోతే ఇక నేను చెప్పాల్సిన మాటకు పనే ఉండదు. నిజానికి అది నాకు సుఖమే కావాలి. కాలేదు.

ఆ రైలు మా ఇంటికొచ్చిన ఏడు నాకు పదకొండేళ్లు. బియ్యం పాలిష్ పట్టే కొత్త మిషన్ బిగించడానికి జర్మనీ నుంచి ఒకాయన వచ్చి మిల్లు మీది గదిలో రెండు నెలలున్నాడు. మిల్లులో అందరూ ఆయన్ను మిషన్ దొర అనేవాళ్లు. డిసెంబర్ చివర్లో ఒకరోజు ఆయన పెరుగన్నం ముందు కూర్చుని కళ్లు తుడుచుకుంటే, వాళ్ల పండగని తెలిసి, మా నాన్న ఊళ్లోని చర్చికి స్వయంగా తోడు తీసుకెళ్లాడు. మరుసటి ఏడు ఓడలో పార్సిల్ వచ్చింది. జానెడు ఆకుపచ్చ ఇంజన్, నాలుగు పెట్టెలు, పట్టాలు, ఆ నల్లపెట్టె. వాటితోపాటు ఒక మంచు ఊరు. ఆరు ఇళ్లు, ఒక చర్చి, ఒక స్టేషన్, లోపల చిన్న బల్బులు. మేం కోమట్లం. మా ఇంట్లో క్రిస్మస్ ఏమిటని ఎవరూ అడగలేదు. ధనుర్మాసం పట్టగానే నాన్న ఆ ఊరిని బొమ్మల కొలువులాగే పేర్చేవాడు. ఊక బస్తా మీద గోనె కప్పితే కొండ. అమ్మ అద్దం పడుకోబెడితే చెరువు. దొర పంపిన మనుషులు దారిలో విరిగిపోయారు కాబట్టి స్టేషన్ మీద మన మట్టి శెట్టి, శెట్టమ్మ నిలబడేవాళ్లు, చర్చి తలుపుకన్నా బెత్తెడు పొడుగ్గా.

మొదటి ఏడు మంచు కోసం నాన్న నూకలు పోశాడు. మిల్లు వాడికి తెల్లనిదంటే నూకలే కదా. పిచ్చుకలొచ్చాయి, చీమలొచ్చాయి, ఇంజన్ పళ్లచక్రంలో నూకగింజ ఇరికి రైలు ఆగిపోయింది. ఆ తర్వాత ప్రతి ఏడూ ముగ్గుపిండే.

ఎవరి పని వాళ్లకుండేది. అన్న మర తిప్పేవాడు. తమ్ముడు అవతలి మలుపు దగ్గర కూర్చుని, రైలు పెట్టె పక్కకు ఒరిగితే వేలితో నిలబెట్టేవాడు. నేను చర్చి దగ్గర నిలబడేదాన్ని. "ఆడపిల్లవు, షాక్ కొడ్తది" అనేవాడు నాన్న. మగపిల్లలకు కొట్టని షాక్ అది. ఒకసారి నేనూ పనికొస్తానని చూపించాలని ఇంజన్‌లో కొబ్బరినూనె పోశాను. చలికి అది పేరుకుపోయి రెండ్రోజులు రైలు కదల్లేదు. ఆ తర్వాత చర్చి దగ్గర కూడా రెండడుగులు దూరంగా నిలబడమన్నారు.

*

నాన్న పోయిన ఏడాది పంపకాలయ్యాయి. మా వాళ్లలో ప్రతిదానికీ జత కట్టి చీటీలు రాసి, ఆడబిడ్డ చేత తీయిస్తారు. మిల్లుకు దుకాణం జత. ఇత్తడి గంగాళానికి రాగి కాగు జత. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా తీశాను. చివరికి రైలు దగ్గర ఆగింది. దానికి జతేదీ లేదు. నాక్కావాలంటే నాక్కావాలని ఇద్దరూ గొంతులు పెంచారు. యాభయ్యేళ్ల మనిషి ఒకడు, నలభై దాటినవాడు ఒకడు.

నాకు ఒళ్లు మండి అన్నాను: "అయితే ఇంజన్ ఒకరు తీసుకోండి, పట్టాలు ఒకరు తీసుకోండి."

ఎకసెక్కానికి అన్న మాట. నవ్వు నాలుగు విధాల చేటంటారు, ఎకసెక్కం ఎన్ని విధాలో ఎవరూ లెక్క కట్టలేదు. పెద్దమనిషి రాజేందర్ సేటు కళ్లద్దాలు సర్దుకుని, "ఆడబిడ్డ ధర్మంగ చెప్పింది, రాస్కోండ్రి" అన్నాడు. రాసుకున్నారు. ఇంజన్, పెట్టెలు, చర్చి, మూడిళ్లు అన్నకు. పట్టాలు, స్టేషన్, మూడిళ్లు తమ్ముడికి. శెట్టి ఒకరికి, శెట్టమ్మ ఒకరికి. నల్లపెట్టె సంగతి భోజనాలయ్యాక చూద్దామన్నారు.

నేను సంతకం పెట్టాను. చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్తే ఆ పెట్టె కిటికీలో ఉంది. పొద్దుటినుంచి అన్ని చీటీలు తీసిన చెయ్యి నాది. ఒక్కరంటే ఒక్కరు, విజయా, నీకేమన్నా కావాల్నా అని అడగలేదు. అడిగితే ఏమీ వద్దనే అనేదాన్ని. ఆ వద్దనే మాట అనే అవకాశం కూడా ఇవ్వలేదు. పెట్టెను సంచిలో వేసుకుని, పైన తమలపాకులు కప్పి కోదాడ బస్సెక్కాను.

మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాటికి అన్న పదిమందిలో తమ్ముణ్ని దొంగ అన్నాడు. తమ్ముడు అన్నను అంతకన్నా పెద్ద మాట అన్నాడు. ఆ తర్వాత చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఏళ్లు గడిచిన కొద్దీ ఆ మాట ఇంకా బరువెక్కింది.

*

హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ చేరేసరికి పదకొండైంది. రోడ్డు పొడవునా వడ్లు ఆరబోసి ఉన్నాయి. మిల్లు గోడలు సగం కూలి, లోపలి పసుపుపచ్చ సున్నం ఎండకు బయటపడి ఉంది. మేం ఆడుకున్న గది ఏదో ఆనవాలు పట్టలేకపోయాను.

జితేందర్ పెట్టె మూత తీశాడు. పట్టాలు తుప్పు పట్టాయి. ఒక ఇంటి కప్పును ఎలుకలు కొరికాయి. మట్టి శెట్టమ్మ మాత్రం ముక్కుపుడకతో సహా భద్రంగా ఉంది.

"క్రిస్మస్ నాడు మా ఇంట్ల పేరుస్త. నువ్వు రావాలె. అన్నను సుత పిలుస్త" అన్నాను.

"ఆయన ఉన్నకాడికి నేను రాను."

"ఎందుకు రావు?"

"తెల్వనట్టు అడుగుతవేంది అక్కా. మర పెట్టె తనే దాస్కొని, పదిమందిల నన్ను దొంగ అన్నడు. మిల్లు పోయినా బాధ లేకుండె నాకు. చిన్నప్పుడు ఆయన మర తిప్పుతుంటే ఆయన మొఖమే చూస్కుంట కూసునేటోన్ని, పెట్టె ఒరిగింది సుత చూడకపోయేది. గసోంటి అన్న."

అప్పుడే స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినిపించింది. వాడు మాట ఆపి అటు తల తిప్పాడు. యాభై రెండేళ్ల మనిషి, చిన్నప్పటిలాగే మెడ సాచి. ఆ మర పెట్టె నా దగ్గరే ఉందిరా అని నోటిదాకా వచ్చింది. మింగాను. పట్టాల పెట్టె నెత్తిన పెట్టుకున్నంత బరువుతో తిరిగొచ్చాను, నిజానికి ఆ పెట్టెను బస్సుదాకా మోసింది వాడే.

*

సూర్యాపేటలో అన్నది పప్పుల దుకాణం. నేను వెళ్లేసరికి కందిపప్పు బస్తాలో చెయ్యి పెట్టి చూస్తున్నాడు. మా వదిన సుమతి మంచినీళ్లు తెచ్చింది. విషయం చెప్పాను.

"మర పెట్టె రాంది ఇంజన్ రాదు" అన్నాడు అన్న, పప్పు మీంచి కళ్లెత్తకుండా.

"పెట్టె వస్తది."

"వాడు ఒప్పుకున్నడా, తీసిన్నని?"

"వస్తది అన్న గద అన్నా. నువ్వు రా, సాలు."

ఆయన చెయ్యి బస్తాలోనే ఉండిపోయింది. "వాడు సుత వస్తడా?"

"వస్తనన్లె. నువ్వొస్తున్నవని చెప్తే వస్తడు."

గిరాకీ వస్తే అన్న పప్పు తూచాడు, పొట్లం కట్టాడు. ఆ తర్వాత లేచి లక్ష్మీదేవి పటం కింది గూట్లోంచి తెల్లటి పాత ధోవతి మూట తీశాడు. విప్పితే ఇంజన్. నిన్న కొన్నట్టు మెరుస్తోంది.

"ధనుర్మాసం పట్టిన్నాడు ప్రతియేడు నూనె పోస్తడు. పట్టాల్లేని ఇంజన్‌కు నూనె ఎందుకయ్యా అంటే పలకడు" అంది వదిన.

"ఊకో" అన్నాడు అన్న. మూటను మళ్లీ కట్టి నా చేతికిచ్చాడు. "ఒళ్లె పెట్టుకో. బస్సుల పైన పెట్టకు."

హైవే మీద అరగంటకు పైగా ఆ మూట నా ఒడిలో ఉంది. రైలు లేని ఊళ్లో పదకొండేళ్లు ఒక ఇంజన్‌ను పూజగూట్లో పెట్టి నూనె పోసిన మనిషి. ఆయన్ను నేను దొంగను చేశాను, ఆయన చేత ఇంకొకణ్ని దొంగ అనిపించాను. కిటికీవైపు తిరిగి ఏడ్చాను. పక్క సీటావిడ వాంతి వస్తోందేమోనని నిమ్మకాయ ఇచ్చింది.

*

మా ఆయన తులసీరాం కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. భోజనాల బల్ల మీద ప్లైవుడ్ పరిచి, గరుకు కాగితంతో పట్టాలు రుద్దడానికి ఆయనకు వారం పట్టింది. నేను ఊక బస్తా తెప్పించి కొండ పేర్చాను. అద్దం పడుకోబెట్టి చెరువు చేశాను. ఎలుకలు కొరికిన కప్పు మీద దూది అంటించాను. శెట్టి, శెట్టమ్మ పదకొండేళ్ల తర్వాత మళ్లీ ఒకే ప్లాట్‌ఫారం మీద నిలబడ్డారు. మంచు కోసం నూకలు పోశాను. ఇంట్లో ముగ్గుపిండి ఉంది. తెలిసే పోశావా అని మీరడిగితే నేను చెప్పను.

"అంతా బాగానే ఉంది. కరెంటు ఎక్కడినుంచి వస్తుంది?" అన్నారు ఆయన.

బీరువా తెరిచి చీర మడతలు విప్పి చూపించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"పదకొండేళ్ల నుంచి ఈ బీరువా పక్కనే పడుకుంటున్నాను" అన్నారు.

"నన్నేం అనకండి."

"అనడం లేదు. ఒక దారి ఉంది విజయా. హైదరాబాద్ నుంచి కొత్తది తెప్పించానని చెప్పు. ఎవరికీ బాధ ఉండదు."

రెండ్రోజులు ఆ దారి గురించే ఆలోచించాను. నున్నటి దారి. కానీ కొత్తది కొన్నానంటే రైలు నడుస్తుంది, వాళ్లిద్దరూ ఒకరినొకరు దొంగనుకుంటూనే ఇంటికి వెళ్తారు. నాక్కావలసింది రైలు నడవడం కాదు. డిసెంబర్ మధ్యాహ్నం ఒకే గదిలో అన్న ఒక పక్క, తమ్ముడు ఒక పక్క ఉండి, మధ్యలో నేను నిలబడాలి. ఆ గది కోసం నా ప్రాణం పదకొండేళ్లుగా కొట్టుకుంటోంది. ఆ గదికి తలుపు నేనే వేశాను కాబట్టి నేనే తీయాలి.

*

క్రిస్మస్ నాడు పక్కింటి సిస్టరమ్మ కేకు పంపింది. నేను పులిహోర కలిపాను, గారెలు వేశాను. అన్న, వదిన కారులో పదకొండింటికి వచ్చారు. అన్న ఇంజన్ పంపాడని ఫోన్‌లో చెప్పినప్పుడు చూద్దామన్న జితేందర్ బస్సులో పన్నెండింటికి వచ్చాడు. అన్నను చూసి గడపలోనే ఒక క్షణం ఆగి, చెప్పులు విడిచి, గదికి అవతలి మూలన కుర్చీ వేసుకున్నాడు.

"విజయా, మిల్లు కూలగొట్టుడు అయిపోయిందా అని అడుగు" అన్నాడు అన్న.

"అయిపోవచ్చిందని చెప్పక్కా" అన్నాడు తమ్ముడు.

ఇద్దరి మధ్యా నాలుగు మూరల దూరం లేదు. పదకొండేళ్లుగా అలవాటైన పనే కాబట్టి ఇటు మాట అటూ, అటు మాట ఇటూ మోశాను. ఆ తర్వాత లోపలికి వెళ్లి నల్లపెట్టె తెచ్చి మంచు ఊరి పక్కన పెట్టాను.

ఇద్దరూ ఒకేసారి లేచారు. అన్న తమ్ముడివైపు చూశాడు. తమ్ముడు అన్నవైపు చూశాడు. ఇద్దరి మొహాల్లోనూ, చూశావా నువ్వే అన్నట్టు.

"వాడు కాదు. నువ్వు కాదు" అన్నాను. "పంపకాల నాడు నేను తీస్కపోయిన. ఇన్నేండ్లు నా బీరువాలనే ఉన్నది."

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వీధిలో ఐస్‌క్రీం బండి గంట కొట్టుకుంటూ పోయింది.

"ఎందుకు?" అన్నాడు అన్న.

"నీకేం కావాలె అని ఎవరన్న అడుగుతరేమో అని సూసిన. అడగలె."

చెప్పాక ఆ కారణం ఎంత చిన్నదో నాకే వినపడింది. లోపల ఉన్నప్పుడు అది అంత చిన్నగా ఉండేది కాదు.

జితేందర్ మొహం ఎర్రబడింది. "పట్టాల కోసం నువ్వు మిల్లు దాక వచ్చిన్నాడు సుత చెప్పలె నువ్వు. బస్సుదాక మోపిచ్చుకున్నవ్" అన్నాడు.  అన్న నాకు వీపు తిప్పి, గోడవైపు చూసి, మా ఆయన్ను అడిగాడు: "బావా, ప్లగ్గు యాడున్నది?"

తీగలు కలిపాడు. కుర్చీ లాక్కుని మర ముందు కూర్చున్నాడు. ఎవరూ చెప్పకుండానే జితేందర్ అవతలి మలుపు దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు. నేను చర్చి దగ్గర నిలబడ్డాను. రెండడుగులు దూరంగా.

ఇళ్లలో దీపాలు వెలిగాయి. ఇంజన్ కదిలి, స్టేషన్ దాటి, కొండ చుట్టూ తిరిగి, మలుపులో టకటకమని కొట్టుకుని ఆగిపోయింది.

అన్న లేచి వెళ్లాడు. ఇంజన్‌ను బోర్లించి వెలుగుకు పట్టాడు. తమ్ముడు తల వంచాడు. రెండు తెల్లబడ్డ తలలు ఒకచోట చేరాయి.

"నూకగింజ" అన్నాడు తమ్ముడు.

"కానొస్తలేదు. జర గట్టిగ పట్టు."

"పట్టిన్నే. నువ్వు వణుకుతున్నవ్."

"నేను గాదు, నువ్వే."

ఇద్దరి మధ్యా అటూ ఇటూ మోయడానికి నాకేమీ మిగల్లేదు. అన్న తలెత్తకుండా చెయ్యి చాచి, "పిన్నీసు" అన్నాడు. గాజుకున్న పిన్నీసు తీసి ఆ చేతిలో పెట్టాను. ఆ రోజు ఆయన నాతో అన్న ఆఖరి మాట అదే.

రైలు తొమ్మిది చుట్లు తిరిగింది. లెక్కపెట్టాను. ఆ తర్వాత అన్న మర ఆపి లేచాడు. విస్తళ్లు వేశానని మా ఆయన రెండుసార్లు చెప్పారు. ఇద్దరూ పులిహోర ముట్టలేదు.

"బస్సులొచ్చినవా?" అని తమ్ముణ్ని అడిగాడు అన్న.

"ఔ."

"నడువు. దింపుత."

మా గడప దగ్గర పోయొస్తామని చెప్పకుండా ఎవరూ వెళ్లరు. వాళ్లు చెప్పలేదు. వదిన మాత్రం నా భుజం మీద చెయ్యి వేసి తీసింది. కోదాడ చౌరస్తా నుంచి సూర్యాపేట ఒక దిక్కు, మిర్యాలగూడ ఇంకో దిక్కు. డాబా మీద నిలబడి చూశాను. కారు మిర్యాలగూడ దిక్కే మళ్లింది. స్టీరింగ్ ముందు అన్న, పక్క సీట్లో తమ్ముడు. అది నేను కోరుకున్నదే. అందులో నాకు చోటు ఉండదని మాత్రం అనుకోలేదు.

*

ఎవరూ తమ వంతు అడగలేదు. ఇంజన్, పట్టాలు, శెట్టి, శెట్టమ్మ అన్నీ మా భోజనాల బల్ల మీదే ఉండిపోయాయి. మా ఆయన కంచం ఒళ్లో పెట్టుకుని తినేవారు, ఒక్కసారీ తీసెయ్యమనలేదు.

మూడో రోజు ఎవరూ లేనప్పుడు మర ముందు కూర్చున్నాను. యాభై ఆరేళ్లొచ్చాయి నాకు. ఎర్ర మర వేళ్లకు చల్లగా తగిలింది. తిప్పాను. షాకేమీ కొట్టలేదు. రైలు బుద్ధిగా తిరిగింది. రెండో చుట్టులో మలుపు దగ్గర చివరి పెట్టె పక్కకు ఒరిగింది. అక్కడ వేలు పెట్టి నిలబెట్టే మనిషి లేడు. నేను లేచి వెళ్లి నిలబెట్టి, వచ్చి మళ్లీ తిప్పాను. మళ్లీ ఒరిగింది. ఆపేశాను. చిన్నప్పుడు నేను ఆశపడ్డది ఈ మర కోసం కాదని ఇంతకాలానికి తెలిసింది.

ఫోన్ చేస్తే అన్న ఎత్తలేదు. జితేందర్ ఎత్తి, "పనిల ఉన్న అక్కా" అని పెట్టేశాడు. నేనూ మళ్లీ చేయలేదు. పదకొండేళ్లు వాళ్లను ఉంచిన చోటే కదా నేనిప్పుడు ఉన్నది. నూకలన్నీ పిచ్చుకలకు చల్లి, బల్ల మీద ముగ్గుపిండి పోశాను.

పదమూడో రోజు మధ్యాహ్నం వదిన ఫోన్ వచ్చింది.

"విజయా, మీ అన్న చెప్పమన్నడు. ఇంజన్ అట్లనే ఇడిసిపెడ్తే పట్టుకుంటదట. ఒక్క చుక్క నూనె పొయ్యమన్నడు."

వెనకాల ఎవరో దగ్గారు. ఆ దగ్గు జితేందర్‌ది.

"అన్న ఆడనే ఉన్నడా వదినా?"

"ఉన్నడు. ఇద్దరు ఉన్నరు, చాయ్ తాగుతున్నరు."

"ఒక్కసారి ఫోన్ ఇయ్యి."

అవతల ఏవో గొణుగుళ్లు. "ఇయ్యద్దంటున్నడు" అంది వదిన. కొంచెం ఆగి, ఆయన చెబుతున్నది వింటూ మాట మాటా అప్పగించింది. "మిషన్ నూనె పొయ్యమంటున్నడు. కొబ్బరినూనె కాదట."

ఆ వెనకాల తమ్ముడు నవ్వాడు. అన్న నవ్వలేదు, కానీ ఊకోమని వాణ్ని అనలేదు కూడా.

ఫోన్ పెట్టేశాక కుట్టుమిషన్ సొరుగులోంచి సన్నమూతి నూనెడబ్బా తీశాను. ఇంజన్‌ను అన్న పట్టుకున్నట్టే వెలుగుకు బోర్లించి, పళ్లచక్రం మీద ఒక్క చుక్క వేశాను. రెండో చుక్క పడబోతే వేలు అడ్డం పెట్టాను. ఇంజన్‌ను పట్టాల మీద నిలబెట్టి, మర ముందున్న కుర్చీని అన్న కూర్చునేంత దూరంలో సర్ది, మలుపు దగ్గర నేల మీద తమ్ముడి కోసం ఒక దిండు వేసి, చర్చి దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.